టిఫిన్ వేళలోపు విశాఖ: సైకిల్ మీద ఒక లాంగ్ వీకెండ్

శుక్రవారం

రిపబ్లిక్ డే సోమవారం వచ్చింది. ముందు శుక్రవారం ఒక సెలవు పెట్టుకుంటే చాలు, వైజాగ్‌లో హాయిగా గడపొచ్చు. ఎంవీపీ కాలనీలో అత్తవారిల్లు. అక్కణ్ణుంచి సముద్రం ఎంతో దూరం లేదు. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కేముందే ఇంట్లో ఒప్పందం కుదిరింది: టిఫిన్ వేళ దాకా టైం నాది, ఆ తరవాత రోజంతా పిల్లలది, వాళ్లమ్మది. అంటే ఐదింటికి బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా గుమ్మంలో ఉండాలి. ఆ కాస్త వ్యవధిలో పట్టే మంచి రోడ్లేవో వెతుక్కోవడమే నా పని.

నాది రోడ్ బైక్, 28 ఎంఎం వెడల్పున్న సన్న టైర్లు. నున్నటి తారు మీద అది చూపించే హుషారు వేరు. గుంతలొస్తే మాత్రం ప్రతి గుంతా నేరుగా నడుముకే తెలుస్తుంది. అందుకే కొత్త ఊరు వెళ్లినప్పుడు దూరం కన్నా ముందు రోడ్డు ఎలా ఉందో అడుగుతాను. రైలు దిగొచ్చి, సంచీలోంచి ఫ్రేమ్ తీసి చక్రాలు బిగిస్తూ స్ట్రావా యాప్‌లో హీట్‌మ్యాప్ తెరిచాను, ఎక్కువమంది తొక్కిన రోడ్లు వెలుగుతూ కనిపించే పటం అది. బీచ్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలిగిపోతోంది. ఎక్కువమంది తొక్కారన్నంతవరకే ఆ గీత చెబుతుంది. ఏ గంటకి తొక్కారో దాన్ని చూసి తెలుసుకోలేం.

ఆ తేడా సాయంత్రానికి కళ్లారా చూశాను. పిల్లలతో ఆర్కే బీచ్‌కి వెళ్లాం. ఇటు కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, అటు రోడ్డు దాటితే టీయూ-142 విమానం మ్యూజియం. ఆ రెండింటి మధ్య రోడ్డు మీద పార్కింగ్ వెతుక్కునే కార్లు, ముంత మసాలా బళ్లు, బజ్జీల పొగ, సెల్ఫీ కోసం నడిరోడ్డు దాకా వెనక్కి వెనక్కి నడిచే జనం. ఇక్కడ సైకిల్ తొక్కడమంటే సైకిల్ని చేత్తో పట్టుకుని నడవడమే.

"ఇదేనా మీ గొప్ప రూటు?" అన్నాను బావమరిదితో.

"పొద్దున్న చూడండి బావా, మీరే అంటారు," అన్నాడు. వాడు ఇక్కడే పుట్టి పెరిగాడు, వారానికి నాలుగు రోజులు తొక్కుతాడు. పొద్దున్న నడిచేవాళ్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర బారికేడ్లు పెట్టి వాహనాలు ఆపేస్తారని, సైకిళ్లకి ఇబ్బంది ఉండదని చెప్పాడు. రాత్రి భోజనాలయ్యాక కాగితం మీద మూడు దారులు గీశాడు. ఒకటి తీరం వెంట భీమిలి, ఒకటి సింహాచలం కొండ చుట్టూ, ఒకటి యారాడ ఘాట్ రోడ్డు. మ్యాప్‌లో దొరకనివి కూడా పక్కన రాశాడు. ఎక్కడ కుక్కలుంటాయి, ఎక్కడ మలుపులో ఇసుక పేరుకుంటుంది, ఏ హోటల్లో ఆరింటికే ఇడ్లీ దిగుతుంది.

శనివారం

ఐదుంపావుకి చీకట్లో బయల్దేరాం. జనవరి చివర్లో ఇక్కడ పొద్దు పొడిచేది దాదాపు ఆరున్నరకి. కాబట్టి ముందూ వెనకా లైట్లు ఉండాల్సిందే. అప్పూఘర్ దాటి టెన్నేటి పార్కు దగ్గరికి రాగానే ఊరి చప్పుడు పోయింది. ఎడమ పక్క కైలాసగిరి కొండ, కుడి పక్క కింద బండలకి కొట్టుకునే అలలు, మధ్యలో కొండని ఒరుసుకుంటూ తిరిగే రోడ్డు. 2020 అక్టోబరులో గాలివానకి ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కున్నది ఇక్కడే.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ దాటాక రోడ్డు పట్టు దొరుకుతుంది. పూర్తిగా చదునేమీ కాదు. రుషికొండ దగ్గర ఒక ఎక్కుడు, గీతం యూనివర్సిటీ దాటాక ఇంకోటి, మంగమారిపేట దగ్గర మళ్లీ చిన్నచిన్నవి. ఏదీ కొండ అనిపించుకునేంత లేదు, కాళ్లకి మాత్రం విసుగు రాదు. పూర్తి చదునుగా ఉండే తీరపు రోడ్ల కన్నా నాకు ఇదే నచ్చింది. చదును మీద గంటసేపు ఒకే గేరులో తొక్కితే నడుం పట్టేస్తుంది. ఇక్కడ పైకి లేస్తాం, కూర్చుంటాం, కాసేపు కాళ్లు వదిలేస్తాం.

గాలి సంగతి వచ్చేటప్పటికి బావమరిది ఉపన్యాసం మొదలుపెట్టాడు. తీరం ఇక్కడ నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, భీమిలి వెళ్లేటప్పుడు ఎడమ చెంపకి తగులుతుంది. ఎండెక్కి నేల వేడెక్కేసరికి వ్యవహారం తిరగబడుతుంది, గాలి సముద్రం నుంచి ఇటు మొదలవుతుంది. తొమ్మిది దాటాక తిరుగుదారి పట్టినవాడికి అలసిన కాళ్ల మీద ఆ గాలి కూడా. ఎండాకాలంలో నైరుతి గాలి ఇంకా గట్టిగా ఉంటుందట. అప్పుడు వెళ్లడం పువ్వుల్లో పెట్టుకున్నంత సుఖం, రావడం నరకం. "హైదరాబాద్‌లో మీకు ట్రాఫిక్కు బావా, మాకు గాలి," అన్నాడు.

మంగమారిపేట దగ్గర రోడ్డుకి అడ్డంగా పెళ్లికూతురు. నిజంగానే. ఎర్రటి గౌను కొసలు ఇద్దరు అమ్మాయిలు పట్టుకుని ఎగరేస్తున్నారు, పైన డ్రోన్ తిరుగుతోంది, పెళ్లికొడుకు చలికి చేతులు రుద్దుకుంటున్నాడు. పొద్దు పొడిచే పావుగంటలో ఈ తీరంలో ఎన్ని ప్రీవెడ్డింగ్ షూట్లు జరుగుతాయో లెక్కలేదు. మలుపు తిరిగేటప్పుడు లారీ కన్నా ముందు కెమెరా స్టాండ్ ఎదురవుతుంది. బెల్లు కొడుతూ తిరగడమే మార్గం.

మత్స్యకారుల పల్లెల్లో వేగం దానంతట అదే తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్లు నిటారుగా ఉంటాయి, చాలావాటికి తెల్ల గీతలుండవు. రోడ్డు వార వలలు ఆరేసి ఉంటాయి, వాటి మీదుగా పోనివ్వకూడదు. నైలాన్ దారం గేరు చక్రంలో చుట్టుకుందంటే విప్పడానికి పూట పడుతుంది, పైగా వలవాడి తిట్లు. ఒక పెద్దాయన వల దులుపుతూ మమ్మల్ని ఆపాడు.

"ఏటి బాబూ, బీమిలీకా? రోజూ ఇలా తొక్కుకెల్తే ఏటొస్తాది?"

"ఆకలి వస్తుంది తాతా," అన్నాడు బావమరిది.

ఆయనే మంచి మాట చెప్పాడు. ముందు మలుపులో రాత్రి గాలికి ఇసుక మేట వేసింది, కుడి వారకి రావొద్దు అని. వెళ్లి చూస్తే నిజమే, తారు మీద రెండంగుళాల మందాన ఇసుక. ఆ వేగంతో సన్నటి టైరు దాని మీదకెక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. హీట్‌మ్యాప్‌లో ఇది ఎప్పటికీ కనపడదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర రెండు నిమిషాలు ఆగాం. వేల ఏళ్ల పాటు గాలీ నీరూ పేర్చి కోసిన ఎర్ర ఇసుక గట్లు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు వీటికీ చోటు దొరికింది. లోపలికి సైకిల్ తోసుకెళ్లడం మాత్రం మంచిది కాదు. మెత్తటి దిబ్బ, తొక్కినకొద్దీ జారిపోతుంది. రోడ్డు మీంచి చూసి కదిలాం.

భీమిలి చేరేసరికి తెల్లగా వెలుగొచ్చేసింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ సైకిల్ మీద చుట్టి రాదగినంత దగ్గరదగ్గరగా ఉంటాయి. పడవల దగ్గర చేపల వేలం హడావిడి. బీచ్ పక్కన ఒకామె గంపలో తేగలు పెట్టుకు కూర్చుంది. ఉడికించినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. పైపొర ఒలిచి, నిలువునా చీల్చి, మధ్యలో ఉండే చందమామని ముందు తినేసి, తరవాత తీరిగ్గా నమలడం మొదలుపెట్టాం. పీచు పళ్లలో ఇరుక్కుంటుంది గానీ ఎనర్జీ జెల్ ప్యాకెట్ల కన్నా వెయ్యి రెట్లు నయం. డబ్బులు కూడా వాటిలో పదోవంతు అవ్వలేదు.

తిరుగుదారికి రెండు ఆలోచనలున్నాయి. తగరపువలస మీదుగా హైవే ఎక్కి ఆనందపురం, మధురవాడ వైపు నుంచి ఇంటికి చేరితే చక్కటి చుట్టు అవుతుంది. మ్యాప్‌లో చూడ్డానికి బాగుంటుంది. కానీ అది చెన్నై-కోల్‌కతా హైవే. బస్సులూ కంటెయినర్లూ పక్కనుంచి వెళ్తుంటే ఆ గాలి ఊపుకే సైకిల్ చెదురుతుంది. వచ్చిన దారినే తిరిగి వెళ్లడం బోరు కదా అనుకునేవాళ్లకి నా మాట: పొద్దున్న చీకట్లో సముద్రాన్ని విన్నాం, ఇప్పుడు అదే సముద్రాన్ని చూశాం. అదే రోడ్డని గుర్తు పట్టడం కూడా కష్టమే. రుషికొండ దగ్గరికొచ్చేసరికి టూరిస్టు కార్లు మొదలైపోయాయి. ఇంకో గంట ఆలస్యమైతే శుక్రవారం సాయంత్రం సీనే.

ఇంటికొచ్చాక టిఫిన్ కన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. సముద్రం పక్కన తొక్కిన సైకిల్‌ని అలాగే గోడకి ఆనించకూడదు. వేలితో ఫ్రేమ్ మీద రాసి చూస్తే జిగురుజిగురుగా ఉంటుంది, అది ఉప్పు. చైన్ మీద ఉప్పూ ఇసుకా కలిస్తే సాయంత్రానికి లింకుల మధ్య నారింజ రంగు తుప్పు మొదలవుతుంది. అత్తయ్యగారు పాత నూలుచీర ముక్క ఇచ్చారు. మంచినీళ్లలో తడిపి ఫ్రేమ్, రిమ్ములు, బోల్టుల తలలు అన్నీ తుడిచి, చైన్‌ని పొడిగుడ్డలో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క నూనె. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని లోపల్నుంచి కేకలు.

ఆదివారం

సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ కింద తొలి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికే. ఊరి మధ్యలో ఉన్న కొండకి ఇంత కచ్చితమైన చుట్టుదారి తరతరాలుగా సిద్ధంగా ఉంటే, కొత్త రూటు కోసం యాప్‌లో వేలు పెట్టి గీతలు గియ్యడమెందుకు? నడిచేవాళ్లకి కుదిరింది సైకిల్‌కీ కుదురుతుంది. చుట్టు మూసుకుంటుంది, ఎక్కడ మొదలుపెడితే అక్కడికే వస్తాం, మధ్యలో అలిసిపోతే ఏ మూల నుంచైనా ఇల్లు దగ్గరే.

నాకున్న సందేహమల్లా దిక్కు గురించి. ప్రదక్షిణ లెక్కన ఎంవీపీ నుంచి ముందు ఇసుకతోట, ఎన్ఏడీ వైపు వెళ్లాలి. అడవివరం చేరేసరికి పొద్దెక్కుతుంది, అక్కణ్ణుంచి హనుమంతవాక దాకా తూర్పు ముఖంగా ప్రయాణం, అంటే సూర్యుడు నేరుగా కళ్లలోకి. మనకి రోడ్డు కనపడకపోవడం ఒక ఎత్తు, వెనక వచ్చే డ్రైవరుకి మనం కనపడకపోవడం ఇంకో ఎత్తు. తిరగేసి తొక్కితే ఎండ వీపు మీద ఉంటుంది కదా అని రాత్రే అన్నాను.

"అప్పన్నని ఎడం పక్కన పెట్టుకుని తిరుగుతారా బాబూ?" అన్నారు అత్తయ్యగారు. అంతే, చర్చ ముగిసింది. తరవాత ఆలోచిస్తే ఆవిడ మాటలో ఇంకో లాభం ఉంది. తిరగేసి వెళ్తే ఎన్ఏడీ కూడలికి ఏడున్నరకి చేరతాం, అప్పటికి అక్కడ బస్సుల ఊపు. ప్రదక్షిణగా వెళ్తే అదే కూడలి చీకట్లోనే దాటేస్తాం. ఎండ కోసం టోపీ అంచు కిందికి లాక్కుని, వెనక లైటు మిణుకుమిణుకుమనేలా పెట్టుకున్నాం.

మొదటి సగం ఊళ్లోనే. హెచ్‌బీ కాలనీ, కైలాసపురం, మాధవధార. ఇళ్ల ముందు కళ్లాపి చల్లుతున్నారు, తడి రోడ్డు మీద సన్న టైరు జారుతుంది, కాస్త చూసుకోవాలి. ఎన్ఏడీ ఫ్లైఓవర్ కింద ఖాళీ. గోపాలపట్నంలో కుడికి తిరిగి ప్రహ్లాదపురం, గోశాల మీదుగా కొండ కిందికి చేరాం. పూలమ్మేవాళ్లు అప్పటికే సంపెంగలు దండలు కడుతున్నారు. పైకి ఘాట్ రోడ్డుంది, ఎక్కాలని కాళ్లు లాగాయి. కానీ ఆదివారం భక్తుల బస్సులూ కార్లూ వరసగా ఎక్కుతూ దిగుతూ ఉంటే మలుపుల్లో సైకిల్ అడ్డంగా తయారవుతుంది. తొలిపావంచా దగ్గరే దణ్ణం పెట్టుకున్నాం. ఆ ఎక్కుడు వారం మధ్యలో వచ్చినప్పుడు చూసుకోవాలి.

అడవివరం నుంచి హనుమంతవాక దాకా ఉన్న ముక్కే ఈ చుట్టులో అసలు సొమ్ము. ఊరు ఉన్నట్టుండి మాయమవుతుంది. రెండు పక్కలా పచ్చటి కొండలు, చల్లగాలి, ఆకుల వాసన. ముడసర్లోవ రిజర్వాయరు మీద తేలే సోలార్ పలకలు పెట్టారు, 2 మెగావాట్లవి. ఆ పక్కనే పార్కు. కంబాలకొండ అడవి ఇక్కడికి కూతవేటు దూరం. సముద్రం కోసం వైజాగ్ వచ్చినవాళ్లలో ఎంతమంది ఇటు తొంగిచూస్తారో! భీమిలి రోడ్డులో నాకు కనపడ్డ సైకిళ్లలో పదో వంతు కూడా ఇక్కడ లేవు. ఎండ మాత్రం అన్నట్టే కళ్లల్లోకి కొట్టింది. రెండు చోట్ల ఏకంగా ఆపి, వెనక వస్తున్న లారీని పోనిచ్చి కదిలాం.

జోడుగుళ్లపాలెం దిగువకొచ్చి సముద్రం కనపడగానే బావమరిది చెప్పులు విడిచినంత తేలిగ్గా, పెడల్‌కి పట్టుకునే క్లీట్ల బూట్లు తీసేసి, కాళ్లు నీళ్లలో పెట్టొచ్చాడు. ప్రదక్షిణ నడిచేవాళ్లలో చాలామంది అప్పూఘర్‌లో సముద్రస్నానం చేస్తారు, మనమూ నియమం తప్పకూడదట. ఆ ఉప్పునీటి కాళ్లతో మళ్లీ పెడల్ ఎక్కాడు. నూలుచీర ముక్క వాడికే ఇచ్చాను తుడుచుకోమని.

సోమవారం

యారాడ దగ్గరే, కానీ దారి కష్టం. ఆర్కే బీచ్‌లో బారికేడ్ల మధ్య, వాకింగ్ చేసేవాళ్ల పక్కనుంచి రాజుల్లా వెళ్లాం. కోస్టల్ బ్యాటరీ అనే చోటు దాటాక ఊరి రూపు మారిపోయింది. పోర్టు, కాన్వెంట్ జంక్షన్, సింధియా, మల్కాపురం వైపు రిఫైనరీ గొట్టాలు. పండగైనా సెలవైనా పోర్టు నిద్రపోదు. తారు మీద నల్లటి దుమ్ము, లారీల వరసలు. నేవీ స్థలాల దగ్గర ఫొటోలు తీయొద్దన్న బోర్డులు. హ్యాండిల్‌కి ఫోన్ పెట్టుకుని వీడియో తీసుకుంటూ వెళ్లే అలవాటున్నవాళ్లు ఇక్కడ అది జేబులో పెట్టుకోవాలి.

సింధియా దగ్గర నా వెనక చక్రం మెత్తబడింది. ట్యూబు విప్పి, టైరు లోపలి వైపు బొటనవేలితో మెల్లగా తడుముతూ పోతే సూదిమొనలా చురుక్కుమంది. వెంట్రుక మందాన, గోరంత పొడవున్న ఇనప తీగ. లారీ టైర్లు పగిలినప్పుడు లోపలి తీగలు ఇలా ముక్కలై రోడ్డంతా పడుంటాయి. పైకి కనపడవు, తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పావుగంటలో అదీ పోతుంది. గోళ్లతో రాలేదు, పళ్లతో రాలేదు, చివరికి పక్కన ఆగిన లారీ క్లీనరు కుర్రాడు పట్టకారు తెచ్చి లాగేశాడు. "మా టైరుదే అయ్యుంటాది అన్నా," అని నవ్వాడు.

అక్కణ్ణుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ మీదికి ఘాట్ రోడ్డు. నిడివి పెద్దగా లేదు, వాలు మాత్రం నిటారు. ఉన్నదాంట్లో చిన్న గేరు వేసినా కొన్ని మలుపుల్లో సీటు మీంచి లేచి, బరువంతా హ్యాండిల్ మీద వేసి తొక్కాల్సిందే. మలుపు లోపలి అంచు మరీ నిటారు, ఎదురుగా ఏమీ రావట్లేదని చూసుకుని కాస్త బయటి వైపు నుంచి తిరిగితే ఊపిరి మిగులుతుంది. పైకి చేరాక ఒక్కసారిగా అటు వైపు తెరుచుకుంటుంది. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం, కింద పచ్చటి కొబ్బరితోటలు, మధ్యలో పసుపు గీతలా ఇసుక. భీమిలి రోడ్డు కన్నా ఇది అందమైన చోటు. కానీ సైకిల్ కోసం ఏది బాగుందంటే నేను అడవివరం రోడ్డుకే ఓటేస్తాను. యారాడ చేరేలోపు పోర్టు రోడ్డు తినేసే ఓపిక చాలా ఎక్కువ.

దిగువకి బీచ్ దాకా వెళ్లలేదు. దిగితే మళ్లీ అటు పక్క నుంచీ ఎక్కాలి, అప్పటికే ఏడు దాటింది. అక్కడ సముద్రం లోతు, లాగుడు ఎక్కువ, స్నానానికి పనికిరాదు కూడా. తిరిగి దిగేటప్పుడు రెండు బ్రేకులూ ఒకే పట్టున పట్టి ఉంచకుండా, మలుపుకి ముందే వేగం తగ్గించి మలుపులో వదిలేశాం. మల్కాపురంలో తెల్ల యూనిఫాంలు వేసుకున్న పిల్లలు జెండాలు పట్టుకుని స్కూలుకి వెళ్తున్నారు. ఒకడు మా హెల్మెట్లు చూసి సెల్యూట్ కొట్టాడు. ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతోంది. అరగంట లేటు, పంక్చరు మాట చెబితే మా ఆవిడ తీగ చూపించమంది. జేబులోంచి తీసి చూపించాను.

సాయంత్రం రైలుకి చక్రాలు విప్పుతుంటే బావమరిది ఫోన్లో ఇంకో గీత పంపాడు. భీమిలి దగ్గర గోస్తని వంతెన దాటి, భోగాపురం వైపు తీరం వెంట ఉన్న చేపల పల్లెల మీదుగా. కింద ఒక లైను రాశాడు: "రోడ్డు సగం బాగుంది, సగం లేదు. 32 టైర్లు తెచ్చుకోండి బావా, ఎండాకాలం మాత్రం రావొద్దు, గాలికి తిరిగి రాలేరు."